అశోక్‌నగర్ జాబితాలో లేని లోహం

హైదరాబాద్ అశోక్‌నగర్ సందుల్లో తెల్లవారుజామున నడిస్తే ఏదో ఒక హాస్టల్ మేడ మీంచి జనరల్ సైన్స్ వల్లెవేత వినబడుతుంది. ఇత్తడి అంటే రాగి, జింకు. కంచు అంటే రాగి, తగరం. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు, రాగి, జింకు, నికెల్ ఉంటాయి. గన్‌మెటల్, సోల్డర్, నిక్రోమ్. గ్రూప్స్ రాసేవారికీ డీఎస్సీ రాసేవారికీ ఈ మిశ్రమ లోహాల పట్టిక కంఠతా రావాలి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద కూర్చుని చదువుకునే పిల్లల నోటుబుక్కుల్లో కూడా ఇదే పట్టిక, దాదాపు ఇదే వరుసలో.

ఆ పట్టికలో నేనెప్పుడూ చూడని పేరొకటి ఉంది. క్రోమియం రాగి. వందపాళ్ల రాగిలో ఒక పాలు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ, క్రోమియం. పరీక్షలో రాకపోవడానికి కారణం ఊహించగలను. ఇత్తడి చెంబు ఇంట్లో కనిపిస్తుంది, కంచు గంట గుడిలో వినిపిస్తుంది. క్రోమియం రాగితో చేసిన వస్తువు ఏదీ మన ఇంటి గడప దాటి లోపలికి రాదు. అది వస్తువును తయారుచేసి, తాను ఫ్యాక్టరీలోనే ఉండిపోతుంది.

దాని ముద్ర మాత్రం మీ వంటింట్లోనే ఉంది. స్టీలు క్యారియర్ పిడి గిన్నెకు అతుక్కున్న చోట, లోపలివైపు చూడండి. రూపాయి బిళ్ళకన్నా చిన్నగా, గుండ్రంగా నొక్కినట్టు రెండు మూడు మచ్చలుంటాయి. బీరువా తలుపు వెనకవైపు బద్దీ అతికిన చోటా వరసగా అవే మచ్చలు. వెల్డింగు షెడ్డుల్లో ఈ పనిని ‘స్పాట్ కొట్టడం’ అంటారు. రెండు రేకులను పైనుంచి, కింది నుంచి రెండు రాగి మొనలు పట్టి నొక్కుతాయి. కాలితో పెడల్ తొక్కగానే రేకులు కలిసిపోతాయి. ఆ మొనలను షెడ్డులో కాపర్ టిప్పులంటారు గాని, పనికొచ్చే టిప్పు ఉత్త రాగి కాదు. క్రోమియం రాగి కడ్డీని లేత్ మీద కోసి చేసిందే ఆ టిప్పు.

ఉత్త రాగి ఎందుకు పనికిరాదన్న ప్రశ్న దగ్గరే అసలు విజ్ఞానం మొదలవుతుంది.

ఒక లోహానికి కరెంటు బాగా పారే గుణం, గట్టిదనం రెండూ కావాలంటే మామూలుగా కుదరదు. రాగి వాహకతను 100 అనుకుందాం. 1913లో అంతర్జాతీయ విద్యుత్ సంఘం మెత్తబరిచిన రాగి తీగనే కొలబద్దగా పెట్టి, మిగతా లోహాలను దానితో పోల్చి శాతాల్లో చెప్పే పద్ధతి తెచ్చింది. ఆ లెక్కలో అల్యూమినియం 61 దాకా వస్తుంది. మనం గట్టిదనం కోసం రాగిలో 30 పాళ్లు జింకు కలిపితే వచ్చే ఇత్తడి 28కి పడిపోతుంది. తగరం కలిపి చేసే ఫాస్ఫర్ బ్రాంజ్ 15 దగ్గర ఉంటుంది. గట్టితనం కొన్న ప్రతిసారీ వాహకతతో వెల చెల్లించాల్సిందే. క్రోమియం రాగి ఆ వెలను చాలావరకు ఎగ్గొట్టగలిగింది. దాని వాహకత 80 దగ్గర నిలుస్తుంది. మెత్తబరిచిన రాగి లాగుడు బలం సుమారు 220 మెగాపాస్కల్స్ అయితే, ఇది 400 దాటుతుంది.

ఎలా సాధ్యమైందో చెప్పాలంటే నారాయణగూడ చౌరస్తాకు రావాలి.

గణేశ్ నిమజ్జనం రోజును ఊహించండి. ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వైపు నుంచి విగ్రహాలు ఈ దారినే హిమాయత్‌నగర్ మీదుగా టాంక్‌బండ్‌కు పోతాయి. రోడ్డు నిండా జనం ఎవరికి వారు విడివిడిగా నిలబడి ఉన్నారనుకుందాం. ఒక స్కూటరు ముందుకు పోవాలంటే అడుగడుగునా తగలడమే. అదే జనం పదిమంది పదిమందిగా గుంపులు కట్టి అక్కడక్కడా నిలబడితే? మనుషుల సంఖ్య తగ్గలేదు, కానీ గుంపుల మధ్య ఖాళీ ఏర్పడింది. స్కూటర్లు సాఫీగా పోతాయి. ఇప్పుడు ఊరేగింపు ముందు వాలంటీర్లు రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా పొడవాటి తాడు పట్టుకుని నడుస్తున్నారనుకోండి. విడి మనిషైతే తాడు కింద వంగి తప్పుకుంటాడు. గుంపు మాత్రం స్తంభంలా తాడును పట్టేస్తుంది. తాడు ప్రతి గుంపు దగ్గరా చిక్కుకుని విల్లులా వంగుతుంది గాని కదలదు.

రాగి లోపల స్కూటర్లు ఎలక్ట్రాన్లు. విడివిడి జనం రాగిలో కరిగిన క్రోమియం పరమాణువులు. తాడేమో లోహ శాస్త్రం స్థానభ్రంశ రేఖ అని పిలిచే లోపం. లోహం వంగడమంటే పరమాణువుల వరుసలు ఒకదాని మీద ఒకటి జారడం. ఆ జారుడు ఒక గీతలా లోహమంతా పాకుతూ పోతుంది. ఆ గీత కదలకుండా పట్టి ఉంచగలిగితే లోహం గట్టిది. క్రోమియాన్ని గుంపులు కట్టించగలిగితే ఒక్క దెబ్బకు రెండు పనులూ అవుతాయి. కరెంటుకు దారి తెరుచుకుంటుంది, వంగడానికి దారి మూసుకుంటుంది.

గుంపులు కట్టించడం ఎలా? ఇక్కడ ప్రకృతి మనకొక వీలిచ్చింది. సుమారు 1,075 డిగ్రీల దగ్గర కూడా వంద గ్రాముల గట్టి రాగిలో క్రోమియం ముప్పావు గ్రాముకు మించి ఇమడదు. 400 డిగ్రీలకు దిగేసరికి దాదాపు ఏమీ ఇమడదు. వేడి నీళ్లలో కరిగిన చక్కెర, నీళ్లు చల్లారాక పలుకులుగా బయటపడినట్టే ఇదీ. తయారీదారులు కడ్డీని 1,000 డిగ్రీల దగ్గర కాచి క్రోమియాన్ని కరిగిస్తారు. వెంటనే నీళ్లలో ముంచుతారు. పరమాణువులకు కదిలి గుంపు కట్టే వ్యవధి దొరకదు, ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి.

మన కమ్మరి కొలిమి చూసినవారికి ఇక్కడ ఆశ్చర్యం కలుగుతుంది. కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే పదును ఎక్కుతుంది. క్రోమియం రాగి అందుకు పూర్తిగా తలకిందులు. నీళ్లలో ముంచినప్పుడు అది మెత్తగా ఉంటుంది. పైగా కరెంటు కూడా సరిగా పారదు, వాహకత 40 దగ్గర పడి ఉంటుంది. అంటే ఈ దశలో అది రెండు విధాలా చెడ్డ లోహం. దాన్ని అచ్చుల్లోంచి చల్లగా లాగి సన్నబరిచి, మళ్లీ 450 నుంచి 500 డిగ్రీల మధ్య కొన్ని గంటలు కాస్తారు. అప్పుడు క్రోమియం పరమాణువులు మెల్లగా జరిగి, ఒకదాన్నొకటి చేరుకుని, కొన్ని నానోమీటర్ల పరిమాణంలో ముద్దలు కడతాయి. మీటరులో వంద కోట్ల వంతు ఒక నానోమీటరు. కంటికి కాదుకదా, మామూలు సూక్ష్మదర్శినికి కూడా ఆ ముద్దలు చిక్కవు. కొలిమిలోంచి తీసిన కడ్డీ మాత్రం వేరే లోహంలా ప్రవర్తిస్తుంది. గట్టిదనం ఎక్కుతుంది, వాహకత రెట్టింపవుతుంది. ఒక్క పాలూ కలపలేదు, ఒక్క పాలూ తీయలేదు.

లోహాన్ని ఇలా కాచి పెట్టి ముదరనివ్వడాన్ని మొదట గమనించినవాడు జర్మన్ లోహ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ విల్మ్. 1906లో అల్యూమినియంలో కొద్దిగా రాగి కలిపి కాచి చల్లార్చిన నమూనాలు, రోజులు గడిచేకొద్దీ వాటంతటవే గట్టిపడటం ఆయన చూశాడు. కారణం ఆయనకు అంతుచిక్కలేదు. అది తెలిసిరావడానికి మరో పదేళ్లకు పైగా పట్టింది. విమానాల రెక్కలకు వాడే అల్యూమినియం నుంచి మన స్పాట్ టిప్పు దాకా ఒకే సూత్రం.

మన ఇళ్లలో పాకం పట్టేవారికి ఇంకో సంగతి సులువుగా అర్థమవుతుంది. ఉండపాకం దాటిస్తే పాకం ముదిరిపోతుంది, అరిసె రాయవుతుంది. క్రోమియం రాగికీ పాకం ముదరడం ఉంది, అయితే ఫలితం అటుది ఇటు. ఎక్కువసేపు, ఎక్కువ వేడిలో ఉంచితే చిన్న గుంపులు కలిసి పెద్దవవుతాయి, సంఖ్య తగ్గుతుంది, మధ్య ఎడం పెరుగుతుంది. తాడు ఆ ఎడంలోంచి జారిపోతుంది. లోహం మెత్తబడుతుంది. అందుకే ఈ లోహంలో పాళ్లు తెలుసుకుంటే సగమే తెలిసినట్టు. దాన్ని ఎంత వేడిలో, ఎంతసేపు ఉంచారన్నది మిగతా సగం.

ఇక స్పాట్ టిప్పు దగ్గరికి మళ్లీ వద్దాం. ఇంట్లో ఫ్యానుకో ఫ్రిజ్జుకో పారే కరెంటు ఒకటి రెండు ఆంపియర్లకు మించదు. కారు బాడీ రేకులను అతికేటప్పుడు టిప్పులోంచి పారేది 8,000 నుంచి 12,000 ఆంపియర్లు. వోల్టేజీ మాత్రం కొద్ది వోల్టులే. ఈ ప్రవాహం సెకనులో అయిదో వంతు సేపు ఉంటుంది. ఉక్కు విద్యుత్ నిరోధం రాగికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, రెండు రేకులు ఆనుకున్న చోట ఇంకా ఎక్కువ. కాబట్టి వేడంతా అక్కడే పుట్టి ఉక్కు కరిగి ముద్దయి అతుక్కుంటుంది. టిప్పు లోపల బొరియలోంచి చల్లటి నీరు పారుతూ ఉంటుంది. అయినా టిప్పు కొన ఉక్కుకు ఆనే ఉంది, రెండు మూడు వందల కిలోల బరువు దాన్ని నొక్కుతూనే ఉంది. ఉత్త రాగి 200 డిగ్రీల లోపే మెత్తబడటం మొదలుపెడుతుంది. అలాంటి టిప్పు కొద్దిసేపట్లోనే కొన చితికి గొడుగులా పరుచుకుంటుంది. కొన వెడల్పయితే కరెంటు చెదిరిపోతుంది, అతుకు పచ్చిగా మిగులుతుంది, పైకి మాత్రం మచ్చ బాగానే కనిపిస్తుంది. క్రోమియం రాగి 475 డిగ్రీల దాకా తన గట్టిదనాన్ని నిలుపుకుంటుంది. దానికి పదో వంతు శాతం జిర్కోనియం కూడా కలిపితే, వేడిలో పెళుసెక్కే లోపం కూడా తగ్గుతుంది. నేడు కార్ల ఫ్యాక్టరీల్లో ఎక్కువగా వాడేది ఈ క్రోమియం జిర్కోనియం రాగే.

ఒక కారు బాడీకి మూడు వేల నుంచి అయిదు వేల దాకా స్పాట్లు పడతాయి. 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన పెనుకొండ కియా ఫ్యాక్టరీ లాంటి చోట ఒక షిఫ్టులో పడే స్పాట్ల సంఖ్య లక్షల్లోకి పోతుంది. నారాయణగూడకు కూతవేటు దూరంలోని కాచిగూడ స్టేషనులో ఆగే ఎల్‌హెచ్‌బీ బోగీలను దగ్గరగా చూడండి. స్టెయిన్‌లెస్ స్టీలు గోడ మీద వెలుతురు వాలుగా పడినప్పుడు స్పాట్ల వరుసలు మెల్లగా తేలి కనిపిస్తాయి. టిప్పు కొన కాస్త పరుచుకోగానే కార్ల ఫ్యాక్టరీలో యంత్రమే దాన్ని చెక్కి సరిచేస్తుంది. బీరువాల షెడ్డులో మేస్త్రీ ఆకురాయి పట్టి రుద్దుతాడు. చేసేవారు వేరు, పని ఒకటే.

అశోక్‌నగర్ మీదుగానే వెళ్లే ఇందిరాపార్కు – వీఎస్టీ ఉక్కు వంతెనను 2023 ఆగస్టు 19న ప్రారంభించారు. రెండు కిలోమీటర్లకు పైగా పొడవు, వేల టన్నుల ఉక్కు. వీఎస్టీ వైపు అది దిగేది నిజాం కాలంలో ఏర్పడ్డ ఆజమాబాద్ పారిశ్రామిక ప్రాంతం పక్కన. ఇంతటి ఉక్కు దూలాలను స్పాట్లతో అతకరు, ఆర్క్ వెల్డింగుతో అతుకుతారు. అక్కడా మన లోహానికి చోటుంది. సీవోటూ వెల్డింగు గన్ను కొసన వేలెడంత కాంటాక్ట్ టిప్ ఉంటుంది. వెల్డింగు తీగ దాని సన్నటి రంధ్రంలోంచి నిమిషానికి మీటర్ల కొద్దీ జారుతూ, ఆ జారుడులోనే టిప్ నుంచి వందల ఆంపియర్ల కరెంటు అందుకుంటుంది. పక్కనే మంట, లోపల రాపిడి. ఉత్త రాగి టిప్ రంధ్రం త్వరగా కోడిగుడ్డు ఆకారంలోకి అరిగి, తీగ అటూ ఇటూ ఊగుతుంది, కుట్టు వంకర పోతుంది. క్రోమియం జిర్కోనియం టిప్‌కు ఖరీదు ఎక్కువే, కాని రోజంతా వెల్డింగు చేసేవాడికి అదే చౌక పడుతుంది.

విశాఖ ఉక్కు కర్మాగారం మరో మెట్టు. సముద్ర తీరాన కట్టిన దేశపు మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం అది. అక్కడ ఉక్కునంతా నిరంతర పోత పద్ధతిలోనే దిమ్మెలుగా మారుస్తారు. 1,500 డిగ్రీలు దాటిన ద్రవ ఉక్కు అడుగు లేని అచ్చులోకి పైనుంచి దిగుతుంది, గోడలకు తగిలిన చోట తోలు కట్టి, కింది నుంచి ఎర్రటి కడ్డీగా బయటికి వస్తుంది. ప్రపంచమంతటా ఇలాంటి అచ్చుల గోడలు రాగివే. 1,085 డిగ్రీలకే కరిగే రాగిలో 1,500 డిగ్రీల ఉక్కును పోస్తారంటే మొదటిసారి విన్నవారికి నమ్మబుద్ధి కాదు. గోడ వెనక వేగంగా పారే నీళ్లకు వేడిని రాగి ఎంత చురుగ్గా అందిస్తుందంటే, ఉక్కు తగిలే ముఖం కూడా కొన్ని వందల డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కానీ ఆ కొన్ని వందల డిగ్రీల్లో ఉత్త రాగి మెత్తబడి గోడ వంగుతుంది. అందుకే వెండి కలిపిన రాగినో, క్రోమియం జిర్కోనియం రాగినో వాడతారు.

ఇదే ఉపాయాన్ని ఇంకా తీవ్రంగా వాడుకునేది రాకెట్టు. క్రయోజెనిక్ ఇంజను దహన గదిలో మంట సుమారు 3,000 డిగ్రీలు. గది గోడలోని సన్నటి కాలువల్లో పారే ద్రవ హైడ్రోజన్ బయలుదేరేది మైనస్ 253 డిగ్రీలతో. ఈ రెంటి మధ్య ఉన్నది మిల్లీమీటరుకు అటూ ఇటూ మందమున్న రాగి గోడ. రష్యా ఇంజనీర్లు ఈ గోడలకు వాడే లోహాన్ని తమ భాషలో క్రోమియం కంచు అంటారు, అందులో తగరం లేకపోయినా. ఇస్రో శాస్త్రవేత్తలు క్రోమియం, జిర్కోనియం, టైటానియం కలిపిన రాగి మీద పరిశోధన చేసి పత్రాలు ప్రచురించారు. నాసా 2015లో క్రోమియం, నియోబియం కలిపిన రాగి పొడితో రాకెట్టు దహన గది లోపలి గోడను త్రీడీ ప్రింటరులో పొరలు పొరలుగా పేర్చి చూపింది.

దక్షిణ ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ ఫ్యూజన్ రియాక్టరులో భారత్ 2005 నుంచి భాగస్వామి. సూర్యుడి గర్భంలో జరిగే పరమాణు సంలీనాన్ని నేల మీద జరిపించే ప్రయత్నం అది. లోపల అతి వేడిమిని తట్టుకునే భాగంలో టంగ్‌స్టన్ దిమ్మెలు, వాటి గుండా దూర్చిన క్రోమియం జిర్కోనియం రాగి గొట్టాలు, గొట్టాల్లో నీళ్లు. ఆ దిమ్మెల మీద పడే వేడి చదరపు మీటరుకు కోటి వాట్లు. హైదరాబాద్ మేనెల మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు వెయ్యి వాట్లు. అంటే పదివేల ఎండలు ఒకేచోట కాసినట్టు. ఇలాంటి లోహాలను అతకడం, పరీక్షించడం నేర్చుకునే పనిలో మన కంచన్‌బాగ్‌లోని ఇనుమేతర పదార్థాల సాంకేతిక అభివృద్ధి కేంద్రం ఎన్‌ఎఫ్‌టీడీసీకి కూడా పాత్ర ఉంది. కంచన్‌బాగ్‌లోనే 1963లో రక్షణ లోహ పరిశోధన శాల డీఎంఆర్‌ఎల్, 1973లో మిశ్ర ధాతు నిగమ్ వచ్చాయి. అశోక్‌నగర్ నుంచి బస్సు దూరంలో దేశపు లోహ విజ్ఞానం ఇంత కొలువై ఉన్నా, మన పరీక్షల పుస్తకం జర్మన్ సిల్వర్ దగ్గరే ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది.

చిక్కడపల్లి మెట్రో స్టేషను 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ – ఎంజీబీఎస్ మార్గంతో పాటు తెరుచుకుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి తలెత్తితే 25,000 వోల్టుల తీగ. ఇలాంటి తీగకు కావలసినవీ ఆ రెండే, కరెంటు పారాలి, రాపిడికీ బిగువుకూ తట్టుకోవాలి. జపాన్ కొన్ని బుల్లెట్ రైలు మార్గాల్లో క్రోమియం, జిర్కోనియం కలిపి గట్టిపరిచిన రాగి తీగే వాడుతోంది. ఇంత వోల్టేజీ రైళ్లకు కరెంటు కలిపి విడదీసే వాక్యూం బ్రేకర్లలో ఎదురెదురుగా ఉండే బిళ్ళలు కూడా రాగి, క్రోమియంవే. వాటిలో మాత్రం క్రోమియం పాతిక నుంచి యాభై పాళ్లు. అంత క్రోమియం రాగిలో కరగదు కాబట్టి రెంటి పొడులనూ కలిపి నొక్కి కాల్చి చేస్తారు. పేరులో చుట్టరికమే గాని, కడ్డీ లోహానికీ దానికీ గుణం వేరు.

1797లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వోక్లాన్ సైబీరియా ఎర్రఖనిజంలో క్రోమియాన్ని కనుగొన్నాడు. దాని లవణాల రంగులు చూసి, గ్రీకులో రంగు అనే మాటతో పేరు పెట్టారు. బొమ్మలకు పేరుపొందిన మన కొండపల్లి కొండల్లో క్రోమైటు ఖనిజం ఉంది. రాగి ఖనిజం ఖమ్మం వైపు మైలారంలో, పల్నాడు వైపు అగ్నిగుండాలలో ఉంది. ఈ రెండు లోహాలూ తెలుగు నేలకు కొత్తవి కావు.

చివరగా, షెడ్డు నడిపేవారికీ ఐటీఐ పిల్లలకూ ఒక మాట. రాణీగంజ్‌లోనో బాలానగర్‌లోనో క్రోమియం రాగి కడ్డీ కొంటే రంగు చూసి నమ్మకండి. ఉత్త రాగికీ దీనికీ రంగులో తేడా కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. పరీక్ష పత్రం అడగండి, అందులో రెండు అంకెలూ ఉండాలి. గట్టిదనం ఒక్కటే రాస్తే చాలదు. కాచి ముదరనివ్వని కడ్డీని ఊరికే లాగి సన్నబరిచినా కొంత గట్టిదనం వస్తుంది, వాహకత మాత్రం నలభైలోనే ఉంటుంది. వాహకత ఒక్కటే రాసినా చాలదు, ఉత్త రాగికి అది నిండుగా వందే. రాక్‌వెల్ బీ కొలతలో గట్టిదనం 70 దగ్గర, వాహకత 75కు పైన, ఈ రెండూ ఒకే కడ్డీకి ఉంటేనే అది సరైన లోహం. కొన్నాక దాన్ని వంచడానికో అతకడానికో ఎర్రగా కాల్చకండి. ఒకసారి ఆ వేడి తగిలిన కడ్డీ మెత్తబడిపోతుంది. మళ్లీ 1,000 డిగ్రీలకు కాచి, నీళ్లలో ముంచి, మొదటి నుంచి పదును పెడితే తప్ప అది తిరిగి గట్టిపడదు.